గొంతు పోయిన రెండు రోజులు

నేను టెలిఫోన్ ఆపరేటర్ని. అనంతపురంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో, మెట్ల కింద ఉన్న చిన్న గదిలో ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్నాను. చేరిన కొత్తలో తల ఎత్తడానికి తీరిక ఉండేది కాదు. ఏ సెక్షన్‌కు ఫోన్ రావాలన్నా నా చేతి మీదుగానే పోవాలి. "హలో" అన్న ఒక్క మాటకే మనిషి ఎవరో చెప్పగలిగేవాణ్ని. తర్వాత అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. ఇప్పుడు రోజుకు రెండో మూడో కాల్స్ వస్తాయి, అందులో ఒకటి రాంగ్ నంబరు. ఉద్యోగం ఉంది, జీతం ఉంది, పని మాత్రం లేదు. సాయంత్రం దాకా కూర్చుని, కర్ర తీసుకుని, ఆటో ఎక్కి ఇంటికి వస్తాను.

నాకు చూపు లేదు. పుట్టినప్పుడు కొంచెం ఉండేదట. పదేళ్లు నిండేలోపు అదీ పోయింది. పెళ్లి చేసుకోలేదు. చేసుకోకూడదని అనుకున్నదేమీ లేదు, మాట వచ్చినప్పుడల్లా అది ఎక్కడో ఒకచోట ఆగిపోయింది.

ఊరి చివర ఒకే వరసలో మూడు ఇళ్లున్న కాంపౌండులో అద్దెకుంటాను. యజమాని బెంగళూరులో ఉంటాడు. మొదటి ఇంట్లో ఆయన పాత సామాను పెట్టి తాళం వేశాడు. నడిమి ఇంట్లో ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి ఉండేవాడు. చివరిది నాది. మా ఇద్దరికీ మధ్య ఒకటే గోడ. ఆయనకూ నాకూ రెండేళ్లుగా మాటల్లేవు.

దానికి కారణం నీళ్లు. బోరు ఎండిపోయి చాలా కాలమైంది. రెండు రోజులకోసారి ట్యాంకర్ వచ్చి కింది తొట్టి నింపుతుంది, మోటరు వేస్తే పైనున్న మా ఇద్దరి ట్యాంకులూ నిండుతాయి. నేను ఇల్లు మారి వచ్చిన మొదటి నెలలోనే ఒక రోజు పెరట్లో కొళాయి సరిగ్గా కట్టేయకుండా లోపలికి వచ్చి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పుస్తకం వింటూ కూర్చున్నాను. నా ట్యాంకంతా ఖాళీ అయింది, మళ్లీ నింపాలంటే కింది తొట్టిలో ఆయన వాటా నీళ్లే తీయాలి. ఆయన వచ్చి తలుపు బాదాడు.

"కండ్లు ల్యాకపోతే పోనీ, చెవులు గూడా లేవా నీకు? అన్ని నీల్లు కారిపోతాంటే ఇనపళ్యా?" అన్నాడు.

కళ్ల మాట ఎత్తేసరికి నాకు ఒళ్లు మండింది. "పెళ్లాం లేదు, పిల్లల్లేరు, ఒక్కడివి. ఎవరికోసం దాచిపెట్టుకుంటావు ఆ నీళ్లు?" అన్నాను.

చెప్పుల చప్పుడు దూరమైంది. అప్పటికి మూడు నెలల కిందే ఆయన భార్య చనిపోయిందని వారం తర్వాత పాలాయన చెబితే తెలిసింది. వెళ్లి తప్పయిందని చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఆయన తలుపు ముందు నుంచే రోజూ నడిచి వెళ్లేవాణ్ని, ఆగలేదు. నెలలు గడిచేకొద్దీ ఆగడం ఇంకా కష్టమైంది.

ఇంట్లో నాతో మాట్లాడేది ఒక్క కంప్యూటరే. అది లినక్స్ వేసిన లాప్‌టాప్. తెర మీద ఏముందో పైకి చదివి చెప్పే ప్రోగ్రాము అందులో ఉంటుంది. బాణం మీట నొక్కితే వరస చదువుతుంది, అక్షరం కొడితే ఆ అక్షరం పలుకుతుంది. దాని తెలుగు గొంతు ఏమంత బాగుండదు. ముక్కుతో మాట్లాడుతుంది, ఎక్కడ ఆగాలో దానికి తెలియదు, ఒత్తులు మింగేస్తుంది. కానీ నేను విన్న ప్రతి వార్తా, చదివిన ప్రతి పుస్తకమూ ఆ గొంతులోనే నా దగ్గరికి వచ్చాయి. పొద్దున పేపరు, సెలవు రోజుల్లో మధ్యాహ్నం కథలు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ట్యాంకు ఖాళీ అయిన సంగతి గుర్తొచ్చి, కొద్ది రోజులకే వాటిని పక్కన పడేసి స్పీకర్ మీదే వినేవాణ్ని.

లినక్స్ నాకు నేర్పింది హాస్టల్లో నాకంటే మూడేళ్లు పెద్దవాడైన ఒక అన్న. ఆయనకూ చూపు లేదు. పూర్తిగా ఫోన్లోనే, ఒక్కొక్క ఆజ్ఞా చెప్పి కొట్టించి, ఏం వినపడిందో నాతో చెప్పించుకుని నేర్పాడు. ఏదైనా చెడిపోయి కంగారుగా ఫోన్ చేస్తే, "ముందు టీ తాగి రా పో. అది యాడికీ పోదు," అనేవాడు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆ అన్న పోయాడు. నంబరు మాత్రం నా ఫోన్లో అలాగే ఉంది.

ఇది జరిగింది మే నెలలో. రెండో శనివారం, సెలవు. టీ పెట్టుకుని వచ్చి కూర్చుంటే, కొత్త మార్పులు వచ్చాయని, కెర్నల్ కూడా కొత్తది వచ్చిందని కంప్యూటర్ చదివింది. కెర్నల్ అంటే కంప్యూటర్‌లో అన్నిటికంటే లోపల ఉండే భాగం. స్పీకరు, కీబోర్డు, తెర ఇలాంటి వస్తువులన్నిటితో పని చేయించేది అదే. దాన్ని మార్చేటప్పుడు జాగ్రత్తగా ఉండాలని, వారం రోజులు ఆగి మార్చుకోవాలని అన్న ఎప్పుడూ చెప్పేవాడు. "కొనసాగించమంటారా?" అని కంప్యూటర్ అడిగింది. శుక్రవారం సాయంత్రం ఆటో దిగింది మొదలు నన్ను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి. అవునని కొట్టాను.

ఇరవై నిమిషాలు అదేదో దించుకుంది, అమర్చుకుంది, ఒక్కొక్కటీ చదువుతూనే ఉంది. ఆపి మళ్లీ మొదలుపెట్టమంది. పెట్టాను.

మామూలుగా అయితే ముందు ఫ్యాను తిరుగుతుంది, తర్వాత చిన్న గంట మోగుతుంది, ఆ వెంటనే "స్వాగతం" అని గొంతు వస్తుంది. ఆ రోజు ఫ్యాను తిరిగింది, అంతే. నూరు లెక్కపెట్టాను. చదివే ప్రోగ్రామును లేపే మీటలు నొక్కాను. సౌండ్ పెంచే మీట నొక్కాను. మూలన పడేసిన హెడ్‌ఫోన్స్ వెతికి పెట్టుకున్నాను. చెవుల్లో ఏమీ లేదు, కనీసం గర్రుమనే శబ్దం కూడా లేదు. పవర్ మీటను గట్టిగా నొక్కిపట్టి ఆపాను, మళ్లీ వేశాను. మూడుసార్లు అలాగే చేశాను. అరచేయి పెట్టి చూస్తే పక్కనుంచి వేడిగాలి వస్తోంది. మిషను బాగానే నడుస్తోందన్నమాట.

చూపున్నవాళ్లకు కంప్యూటర్‌లో శబ్దం పోతే పాటలు వినపడవు. నాకు తెర పోయింది, అక్షరాలు పోయాయి. వేళ్లకు తగిలేలా బ్రెయిలీ చుక్కలు లేచే పరికరాలు ఉంటాయని విన్నాను. నా దగ్గర అలాంటిది లేదు.

ఫోన్ ఉంది కదా అనుకున్నాను. కెమెరా ముందున్న అక్షరాలు చదివే యాప్ తెరిచి లాప్‌టాప్ ముందు పట్టుకున్నాను. చేతి వణుకో, ఎండ వెలుగో, అది "శనివారం... చెత్తబుట్ట... శని..." అని ఆగిపోయింది. దూరాన ఉన్న ఎవరో ఒకరు మన కెమెరాలోంచి చూసి చెప్పే యాప్ ఇంకొకటి ఉంది. అందులో ఒకాయన దొరికాడు. ఇంగ్లీషులో చాలా మర్యాదగా మాట్లాడాడు. "మీ తెర మీద మంచుకొండ బొమ్మ ఉందండీ, చాలా బాగుంది," అన్నాడు. నాలుగేళ్లుగా నా తెర మీద కొండ ఉందని నాకు తెలియదు. కెర్నల్ పాడైంది, నేను కొన్ని ఆజ్ఞలు కొడతాను, వచ్చింది చదవండి అన్నాను. అలాంటివి తనకు తెలియవని, క్షమించమని చెప్పి పెట్టేశాడు. మళ్లీ ప్రయత్నిస్తే ఎవరూ దొరకలేదు.

ఫోన్లోనే నెట్‌లో వెతికాను. నాలాగే కొత్త కెర్నల్ వేసుకుని శబ్దం పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మందు కూడా తేలికైనదే. పాత కెర్నల్ ఇంకా లోపలే ఉంటుంది. మిషను మొదలయ్యేటప్పుడు ఒక మీట నొక్కితే జాబితా వస్తుంది. అందులో పాతదాన్ని ఎంచుకుని ఎంటర్ కొడితే చాలు. అందరూ ఆ తెర ఫొటోలు పెట్టి, ఇక్కడ నొక్కండి, అక్కడ నొక్కండి అని రాశారు. ఫొటోలు నాకెందుకు? కిందికి బాణం ఎన్నిసార్లు నొక్కాలో ఎవరూ రాయలేదు. గుడ్డిగా రెండుసార్లు నొక్కి ఎంటర్ కొట్టాను. ఫ్యాను ఆగి మళ్లీ తిరిగింది. ఎక్కడికో వెళ్లింది. ఎక్కడికెళ్లిందో తెలియక భయమేసి ఆపేశాను.

అప్పుడు వేలు అలవాటుగా ఫోన్లో అన్న నంబరు దగ్గరికి వెళ్లింది. ఫోను ఆయన పేరు పలికింది. టేబుల్ మీద బోర్లా పెట్టేశాను.

ఆదివారమంతా ఇల్లు అలాగే ఉంది. సీలింగ్ ఫ్యాను, బయట గాలి, మధ్యాహ్నం ట్యాంకర్ పైపు చప్పుడు. గాలికి దుమ్ము కిటికీ రెక్కలకు కొట్టుకుంటోంది. అన్నం వండుకుని, సగం తిని, మిగిలింది మూతపెట్టాను. ఒకసారి ఊరికే "ఏం చేద్దాం?" అని పైకే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా అనిపించింది. ముందు రోజు యాప్‌లో ఆయనతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు మరి.

సాయంత్రం బయట చెప్పుల చప్పుడైంది. నా తలుపు ముందుకు వచ్చి ఆగింది. ఆ అడుగు ఎవరిదో నాకు తెలుసు. కుడికాలు కొద్దిగా ఈడ్చే నడక. తలుపు కొడతాడేమో అని వింటూ కూర్చున్నాను. చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వెనక్కి వెళ్లిపోయాడు. లేచి తలుపు తీసి ఉండవచ్చు. నేను తీయలేదు.

సోమవారం పొద్దున ఆఫీసుకు ఫోన్ చేసి ఈ రోజు రానని చెప్పాను. "సరే సార్," అన్నారు. ఎందుకని అడగలేదు. నేను రాకపోతే ఆగిపోయే పని అక్కడేమీ లేదు. ఫోన్ పెట్టేసి కాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి మొహం కడుక్కుని, గోడ పట్టుకుని నడిచి, పక్కింటి తలుపు కొట్టాను.

గొళ్లెం తీసిన చప్పుడు.

"అన్నా, నేను. పక్కింట్లో..."

"తెల్సులే. ఏమయింది?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, కంగారు ఉంది. "ఎప్పుడయింది?"

"శనివారం పొద్దున."

"శనివారమా! మరి ఎవురికీ చెప్పల్యా?"

"ఎవరికి చెప్పేదన్నా? కంప్యూటర్ చెడిపోయింది. తెర మీద ఏం రాసుందో చదివి చెబితే నేనే బాగు చేసుకుంటా. ఒక పది నిమిషాలు మీ కండ్లు కావల్ల."

"కంప్యూటరా?" అన్నాడు నమ్మలేనట్టు. "నాకు ఇంగ్లీషు రాదప్పా. అచ్చరాలు మాత్రం వస్తాయి."

"అక్షరాలు చాలు."

నా వెంట వచ్చాడు. గడప దగ్గర ఆగాడు. "లోపలికి రావచ్చునా? ఎవురన్నా పండుకొనిండారా?" అని మెల్లగా అడిగాడు.

"ఎవరూ లేరు, రాండి," అన్నాను. ఆ ప్రశ్న ఎందుకడిగాడో అప్పుడు నాకు తట్టలేదు.

కుర్చీ ఆయనకిచ్చి నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. లాప్‌టాప్ మా ఇద్దరి మధ్య ఉంది. కళ్లు ఆయనవి, వేళ్లు నావి. పాస్‌వర్డ్ కొట్టి, ఆజ్ఞలు రాసే నల్ల కిటికీ తెరిచి, "ఏం కనపడుతోందన్నా?" అన్నాను.

"నల్లగ ఒక డబ్బా. దాండ్లో తెల్లగ ఒక గీటు మినుకు మినుకు మంటాండాది."

నాకు ప్రాణం లేచొచ్చింది. శబ్దం వచ్చే పరికరాలు ఏమేమున్నాయో చూపించమనే ఆజ్ఞ కొట్టాను.

"ఒక వరస వచ్చిండాది," అని ఆయన చదవడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్లు బస్సు బోర్డులూ టికెట్లూ చదివిన మనిషి. ఒక్కొక్క అక్షరాన్నీ స్టాపు పేరు పిలిచినట్టు గట్టిగా పిలిచాడు. "ఎన్. ఓ. రోంత సందు. ఎస్. ఓ. యు. ఎన్. డి. సి. ఏ. ఆర్. డి. ఎస్. మల్ల సందు. ఎఫ్..."

"చాలన్నా, చాలు."

"ఏమంటాండాది?"

"తనకు సౌండ్ కార్డే లేదంటోంది. అంటే గొంతే లేదంటోంది."

"ఉండేదాన్ని లేదంటే ఎట్లప్పా?"

"కొత్త కెర్నల్‌కు అది కనపడటం లేదన్నా. ఉంది, కానీ ఇది చూడలేకుంది."

అన్న తర్వాత నాకే నవ్వొచ్చింది. ఆయన కూడా ముక్కులో చిన్నగా నవ్వాడు.

ఇప్పుడు నడుస్తున్నది ఏ కెర్నలో, లోపల పాతది మిగిలి ఉందో లేదో చూడాలి. మరో రెండు ఆజ్ఞలు కొట్టాను. అంకెలు రాగానే ఆయన గొంతు మారిపోయింది. అక్షరాల దగ్గర తడుముకున్నవాడు అంకెల దగ్గర ఆగలేదు. ఆరు, చుక్క, ఎనిమిది, చుక్క, సున్నా, అడ్డగీటు, గబగబా చదివేశాడు. "రెండు తీర్లు ఉండాయప్పా. అంతా ఒకటే, కొసన నంబరు ఒకదానికి చిన్నది, ఒకదానికి పెద్దది," అన్నాడు. ఆ చిన్న నంబరే నాకు కావలసిన పాత కెర్నల్.

మిషను ఆపి మళ్లీ మొదలుపెట్టి, జాబితా తెచ్చే మీట నొక్కాను. ఆత్రం కొద్దీ రెండుసార్లు పడింది. "ఒకటే మాట ఉండాది. జి, ఆర్, యు, బి. పక్కన బాణం గుర్తు. ఇంగేం ల్యా," అన్నాడు. అది మిషనును మొదలుపెట్టే ప్రోగ్రాము పేరు, జాబితా దాటి పోయానని అర్థమైంది. మళ్లీ ఆపాను. ఈసారి ఆయనే, "తెరమింద కంపెనీ గుర్తు రాంగానే చెప్తా, అప్పుడు నొక్కు," అన్నాడు. బస్సు కదలడానికి డ్రైవరుకు చెప్పినట్టు, "ఊ... ఊ... ఇప్పుడు!" అన్నాడు. ఒక్కసారే నొక్కాను.

"వచ్చె! నాలుగు వరసలు ఉండాయి. పై దానిమింద తెల్లపట్టీ ఉండాది. రెండోది ఏ, డి, వి, ఏ, ఎన్..."

"అదే. పాతవి దాని లోపలే ఉంటాయి," అని కింది బాణం ఒకసారి నొక్కాను. "పట్టీ దాని మీదికి వచ్చిందా?"

"వచ్చె."

ఎంటర్ కొట్టాను. ఇంకో జాబితా. నాలుగు వరసలూ ఒకేలా ఉన్నాయన్నాడు. చిన్న నంబరు మూడో దాంట్లోనూ నాలుగో దాంట్లోనూ ఉందని, నాలుగో దాని పక్కన బ్రాకెట్లో ఇంకేదో రాసి ఉందని చెప్పాడు. మూడోది అన్నాను. బాణం రెండుసార్లు నొక్కాను. "ఆ, దాని మిందనే ఉండాది పట్టీ," అన్నాడు. ఎంటర్ మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగి, నొక్కాను.

ఫ్యాను తిరిగింది. ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. చిన్న గంట మోగింది.

"స్వాగతం," అంది ముక్కు గొంతు.

నేను టేబుల్ మీద అరచేత్తో కొట్టాను. పాస్‌వర్డ్ కొట్టాను. అది ఒక్కొక్క చుక్కనూ పలికింది. ఏ వరస మీద పెట్టినా చదివింది. తేదీ చదివింది, చెత్తబుట్ట చదివింది. ఇంకోసారి చదివించాను. అప్పుడు గుర్తొచ్చింది, పక్కన మనిషి ఉన్నాడని, ఆయన చాలాసేపటి నుంచి ఒక్క మాటా అనలేదని.

"అన్నా?"

"ఈ గొంతేనా?" అన్నాడు.

"ఏ గొంతు?"

"దినామ్మూ గోడవతల ఇనపడేది. ఇదేనా?"

"అవును. ఏం?"

కుర్చీ కిర్రుమంది. "నీ ఇంట్లో ముసలామె ఉండాదనుకొంటి," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ముక్కుతో మాట్లాడే ముసలామె. మీయమ్మో, చిన్నమ్మో. రెండేండ్లుగా ఇంటాండా. పొద్దన్నే పేపరు చదువుతాది, మద్యాన్నం కతలు చదువుతాది. సదువుకొన్న ఆయమ్మ, కొడుక్కి కండ్లు ల్యాకపాయె, చదివి ఇనిపిస్తాండాది అనుకొంటి. బయటికి రాంగా ఒకనాడూ చూడల్యా. మంచం పట్టిందేమో అనుకొంటి." ఆగి, మళ్లీ అన్నాడు. "శనివారం నుంచి గొంతు ల్యా. ఆయమ్మ పోయిందేమో, ఈనికి దిక్కు తెలీక శవాన్ని పెట్టుకోని గమ్మున కూర్చోనిండాడేమో అని నిన్న నీ తలుపుకాడికి వస్తి. కొడదామంటే చెయ్యి రాకపాయె."

తలుపు తీయగానే ఎప్పుడయింది, ఎవురికీ చెప్పల్యా అని ఎందుకడిగాడో, గడప దగ్గర ఎందుకాగాడో ఇప్పుడు తెలిసింది.

"నీల్లు గూడా," అన్నాడు.

"నీళ్లేంది?"

"ఆ పొద్దు కొట్లాడితిమి గదా. వారం దినాల తర్వాత ఆయమ్మ గొంతు ఇనపడె. జబ్బు మనిషి ఉండే ఇల్లు, నీల్లకాడ రచ్చ చేస్తిని గదా అనిపిచ్చె. అప్పట్నుంచి మోటరు నేనే వేస్తాండా. నీ పక్క వాల్వు ముందు తిప్పి, నీది నిండినాక నా పక్క తిప్పుకొంటాండా."

రెండేళ్లుగా నా కొళాయిలో నీళ్లు ఆగలేదు. యజమానే ఏదో ఏర్పాటు చేసి ఉంటాడనుకున్నాను. ఆ రెండేళ్లూ ఎవరు చేశారని ఒక్కసారి కూడా అడగలేదు.

"అన్నా, ఆ రోజు నేనన్న మాట... అప్పటికి మీ ఇంట్లో జరిగింది నాకు తెలీదు. తెలిసినాక వచ్చి చెప్పాల్సింది. రాలేకపోయాను. తప్పయింది."

"మర్సిపోయే మాట కాదది," అన్నాడు. కాసేపటికి, "నేనూ కండ్ల మాట అంటి గదా," అన్నాడు.

టీ పెడతానన్నాను. వద్దన్నాడు. లేచి నిలబడి కూడా అక్కడే ఉన్నాడు. గది అంతా చూస్తున్నాడేమో. "అయితే ఎవురూ లేరన్నమాట," అన్నాడు. నన్ను అడిగినట్టు లేదు. కాలు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ రోజు మిగతా పని ఒక్కణ్నే చేసుకున్నాను. ప్రతిసారీ పాత కెర్నలే ఎంచుకునేలా మార్చాను, నేను చెప్పేదాకా కొత్తది దానంతటది రాకుండా ఆపాను. జాబితా వచ్చినప్పుడు బీప్ మని మోగేలా పెట్టి, ఎన్ని బాణాలకు ఎక్కడికి పోతుందో లెక్కపెట్టి, ఫోన్లో రికార్డు చేసుకున్నాను. మూడు గంటల్లో అయిపోయింది. హాస్టల్ అన్న ఉంటే మెచ్చుకునేవాడు.

తర్వాత రోజుల్లో మేము మాట్లాడుకున్నాం. ఎక్కువ కాదు. ట్యాంకరు వచ్చిందా, పాలాయన వచ్చాడా, అంతవరకే. నాకు మాత్రం ఒక ఆలోచన ఉండేది. మధ్యాహ్నం కథ పెట్టుకున్నప్పుడు ఆయన అటువైపు వింటున్నాడేమో అనుకుని శబ్దం కొంచెం పెంచేవాణ్ని. స్పీకరును గోడ వైపు తిప్పి పెట్టాను. మంచి కథ అయితే, పెద్దవాళ్లకు నచ్చేదైతే, రెండోసారి కూడా పెట్టేవాణ్ని. నెల రోజులు అలా చేశాక, ఒక ఆదివారం పెరట్లో కలిసినప్పుడు అడిగాను, నిన్నటి కథ వినపడిందా అని.

"ఇనపడె. ఇనల్యా," అన్నాడు.

"ఏం అన్నా?"

"మిషను అని తెల్సినాక ఇనబుద్ది కాల్యాదప్పా. మనిషి అనుకొన్నన్నాళ్లూ గోడకానుకోని కూర్చొంటే పొద్దు పోయేది. మా ఇంటామె పోయినాక నా ఇంట్లో ఆడమనిషి గొంతని వింటే అదొక్కటే." తువ్వాలు విదిలించిన చప్పుడైంది. "నువ్వేం చేస్తావులే. నీ తప్పేముండాది."

ఆయన కోపంగా అనలేదు. అందుకే నాకు ఎక్కువగా తగిలింది. నా గొంతు నాకు తిరిగి తెచ్చిచ్చిన మనిషికి, ఆ గొంతులో ఉన్న తోడు నా వల్లే లేకుండా పోయింది. ఆ రోజు స్పీకరును మళ్లీ నా వైపు తిప్పుకున్నాను.

ఆగస్టులో ఆ లోపం సరిచేసిన కెర్నల్ వచ్చిందని నెట్‌లో చదివాను. ఒంటరిగా మార్చడానికి ధైర్యం చాల్లేదు. వెళ్లి పిలిచాను. వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. మిషను ఆగి మొదలైంది, గంట మోగింది, స్వాగతమంది. ఆయన అవసరమే పడలేదు. "ఇంతేనా?" అన్నాడు, కొంచెం నిరాశగా. ఆ రోజు టీ తాగాడు. తాగి, నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, నా చేయి పట్టుకుని మోటరు స్విచ్చు మీద పెట్టాడు. వాల్వు ఎటు తిప్పితే ఎవరి వైపు పోతుందో తిప్పించి చూపించాడు. ట్యాంకు నిండేముందు పైపులో చప్పుడు ఎలా మారుతుందో వినిపించాడు. "నీ చెవులకు నాకంటే బాగ తెలుస్తాదిలే," అన్నాడు.

ఎందుకు నేర్పుతున్నాడో రెండు వారాల తర్వాత తెలిసింది. కదిరి దగ్గర పల్లెలో ఆయన పెద్దన్న ఉన్నాడు. అన్నకు కాళ్లు పనిచేయడం లేదని, చూసుకునేవాళ్లు లేరని వెళ్లిపోతున్నాడు. సామాను ఆటోలో ఎక్కించే రోజు నేను సెలవు పెట్టాను. చేయడానికి నాకేమీ లేదు, గేటు దగ్గర నిలబడ్డాను, అంతే. వెళ్లేముందు నా భుజం మీద చేయి వేసి, "రానా మరి," అన్నాడు. ఆ రెండున్నరేళ్లలో నన్ను ఒక మనిషి ముట్టుకోవడం అది రెండోసారి.

ఆ ఇంట్లోకి ఒక చిన్న కుటుంబం వచ్చింది. వచ్చిన రోజే వెళ్లి తలుపు కొట్టాను. నాకు చూపు లేదని, ఇంట్లో నేనొక్కణ్నే ఉంటానని, గోడవతల గొంతు వినపడితే అది కంప్యూటర్ అని చెప్పాను. తలుపు తీసినామె సరేనంది. పాలు ఎక్కడ పోస్తారని అడిగింది. చెప్పి వచ్చాను.

కండక్టరన్న నెలకో రెండు నెలలకో ఫోన్ చేస్తాడు. మాట్లాడుకోవడానికి మాకు పెద్దగా ఏమీ ఉండదు. పోయిన వారం చేసినప్పుడు అక్కడ రోంత వాన పడిందన్నాడు. ఇక్కడ ఇంకా పడలేదని చెప్పాను.